అన్నింటికీ మూలం డబ్బు తేడాయేనా?

#1 కొత్తచిగురు

చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న, ఇక్కడ పెడుతున్నాను. నేరాలు, తాగుడు, మత్తుమందులు, మధ్యలో చదువు ఆపేసే పిల్లలు, ముందే ముగిసిపోయే ఆయుష్షు, మనిషికి మనిషి మీద నమ్మకం లేకపోవడం... వీటి గురించి మనం విడివిడిగా మాట్లాడుకుంటాం. ఒక్కోదానికి ఒక్కో శాఖ, ఒక్కో నిపుణుడు, ఒక్కో పథకం. నాకు మాత్రం ఇవన్నీ ఒకే చెట్టు కొమ్మల్లా కనిపిస్తున్నాయి. వేరు ఆర్థిక అసమానత.

ఇది నా సొంత ఊహ కూడా కాదు. రిచర్డ్ విల్కిన్సన్, కేట్ పికెట్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు ఇరవైకి పైగా సంపన్న దేశాలను పక్కపక్కన పెట్టి పోల్చి, 2009లో ఫలితాలు బయటపెట్టారు. హత్యలు, జైళ్ళలో ఉన్నవాళ్ళ సంఖ్య, ఊబకాయం, మానసిక అనారోగ్యం, టీనేజ్‌లోనే తల్లులయ్యే అమ్మాయిలు: ఆదాయాల్లో తేడా ఎక్కువున్న దేశాల్లోనే ఇవన్నీ ఎక్కువ. దేశం సగటున ఎంత ధనికమైందన్నదానికి పెద్ద విలువే లేదు. ఒక కొసన జపాన్, స్వీడన్, నార్వే లాంటి స్కాండినేవియా దేశాలు. ఇంకో కొసన అమెరికా.

ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే మనం కొమ్మలు నరుక్కుంటూ కూర్చోవడం దేనికి? మీరేమంటారు?

#2 అడ్డప్రశ్న

పేదరికం వేరు, అసమానత వేరు. రెండూ కలిపి ఒకే గాటన కట్టేశారు.

నా పక్కింటాయన సంపాదన రేపటికి పదింతలైందనుకోండి. నా జేబులోంచి ఏమీ పోలేదు. నా బీపీ ఎందుకు పెరగాలి? నా కొడుకు దొంగ ఎందుకు కావాలి? చైనానే తీసుకోండి. 1980 తర్వాత దాదాపు 80 కోట్ల మంది కటిక పేదరికంలోంచి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకు లెక్క. అదే కాలంలో అక్కడ ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా విపరీతంగా పెరిగింది. తేడా పెరిగింది కాబట్టి ఆ 80 కోట్ల మందీ వెనక్కి వెళ్ళిపోవాలంటారా?

కింద ఉన్నవాడు పైకి రావాలి, అంతే. పైనున్నవాడు ఎంత పైన ఉన్నాడో కొలుచుకుంటూ కూర్చోవడం కాలక్షేపం.

#3 పాతకాపు

వచ్చేశాడండీ మా అడ్డప్రశ్న. ఇక ఈ చర్చ మూడు రోజులైనా నడుస్తుంది.

#4 లెక్కలమాస్టారు

కొత్తచిగురు గారూ, మీ ఆవేశం నాకు నచ్చింది. లెక్క దగ్గర మాత్రం కాస్త ఆగండి. ముప్పై ఏళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ణి. గ్రాఫులో ఏ గీతయినా చుక్కల మధ్య నుంచి మరీ చక్కగా వెళ్తోందంటే నాకు ముందు అనుమానమే వస్తుంది.

విల్కిన్సన్, పికెట్లు ఒక్కో దేశాన్ని ఒక్కో చుక్కగా పెట్టి గీసిన పటాల మీద చాలా గొడవ జరిగింది. కొన్నింట్లో ఒకటి రెండు చుక్కలు తీసేస్తే గీత ఏటవాలు తగ్గిపోతుందన్నారు విమర్శకులు. ఏ సమస్యను పటంలోకి ఎక్కించారు, దేన్ని వదిలేశారు అన్నది ఇంకో పేచీ. జపాన్‌లో హత్యలు చాలా తక్కువ, నిజమే. కానీ ఆత్మహత్యలు ఎక్కువ. ఆ పటం గీస్తే మీ కథ తిరగబడుతుంది. స్వీడన్ సంగతి ఇంకా తమాషా. అక్కడ ఆదాయాల తేడా తక్కువ, ఆస్తుల తేడా మాత్రం బాగా ఎక్కువ. మరి దాన్ని సమానత్వం ఉన్న దేశమనాలా, లేని దేశమనాలా?

నేరాల మాట చూద్దాం. అమెరికాలో 1991లో లక్ష మందికి సుమారు 9.8 హత్యలు. 2014కి అది 4.4కి దిగింది, అంటే సగం కంటే తక్కువ. ఆ కాలమంతా అక్కడ అసమానత పెరుగుతూనే ఉంది. బ్రెజిల్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. 2003లో పేద కుటుంబాలకు నగదు ఇచ్చే బోల్సా ఫమీలియా పథకం వచ్చాక పదేళ్ళపాటు ఆదాయాల తేడా తగ్గుతూ వచ్చింది. హత్యలేమో మొత్తం మీద పెరిగి 2017లో ఒక్క ఏడాదే 60 వేలు దాటాయి.

2015లో నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ 2003లోనే ఈ పరిశోధనలన్నీ తిరగేశాడు. ఆదాయాల తేడా దానంతటదే జనం ఆరోగ్యాన్ని పాడుచేస్తుందనడానికి ఆధారం చాలట్లేదని తేల్చాడు. పేదరికం పాడుచేస్తుంది, అందులో ఆయనకు అనుమానం లేదు.

మీది తప్పని చెప్పడానికి ఇదంతా రాయలేదు. 'మూలం' అనే మాట మీద మీరు పెట్టిన బరువు అది మోయలేకపోతోంది. అసమానత ఏ దారిన వెళ్ళి ఏ సమస్య దగ్గర తేలుతోందో చెప్పండి. దారి చూపిస్తే నేను నడుస్తాను.

#5 కొత్తచిగురు

మాస్టారూ, సగం గాలి తీసేశారు. దారి చూపించమన్నారు, ప్రయత్నిస్తాను. ఎవరైనా చెయ్యి కలిపితే బాగుండును.

#6 రాత్రిషిఫ్ట్

నేను నర్సును. అడ్డప్రశ్న గారు అడిగిన 'నా బీపీ ఎందుకు పెరగాలి' దగ్గర ఆగిపోయాను. ఆ ప్రశ్నకు సమాధానం వెతికినవాళ్ళు ఉన్నారు.

లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం అని ఉంది. సుమారు 18,000 మంది మగ ప్రభుత్వోద్యోగుల్ని ఏళ్ళ తరబడి గమనించారు. అందులో ఆకలితో ఉన్నవాడు లేడు. నిరుద్యోగి లేడు. అందరిదీ ఆఫీసు పనే, అందరికీ అందే వైద్యం ఒకటే. అయినా అడుగు మెట్టున ఉన్న బంట్రోతులు, వాకిలి కాపలా వాళ్ళ మరణాల రేటు పైమెట్టు అధికారుల కంటే సుమారు మూడు రెట్లు ఉంది. 'ఇందులో వింతేముంది, పేదవాళ్ళు కదా' అనుకోకండి. అసలు విషయం మధ్యలో ఉంది. పైనుంచి రెండో మెట్టు మీద ఉన్నవాళ్ళు పేదవాళ్ళు కారు, మంచి జీతాలున్న పెద్ద ఉద్యోగులు. వాళ్ళు కూడా మొదటి మెట్టు వాళ్ళ కంటే ముందే పోతున్నారు. మూడో మెట్టు వాళ్ళు ఇంకా ముందు. ప్రతి మెట్టుకూ తేడా.

పేదరికం ఒక్కటే కారణమైతే ఒక గీత దగ్గర ఆగాలి కదా? ఆగలేదు.

#7 అడ్డప్రశ్న

కింద మెట్టు వాళ్ళు సిగరెట్లు ఎక్కువ తాగేవాళ్ళేమో. అలవాట్ల తేడాను డబ్బు తేడా అంటున్నారేమో.

#8 రాత్రిషిఫ్ట్

తాగేవాళ్ళు, నిజమే. అది కూడా లెక్కలోకి తీసుకున్నారు. పొగ, బీపీ, కొలెస్ట్రాల్, బరువు అన్నీ కలిపినా గుండెజబ్బు చావుల్లో ఉన్న తేడాలో సగం కూడా తేలలేదు. మైకేల్ మార్మాట్ బృందం 1985లో ఆడవాళ్ళను కూడా చేర్చి రెండో అధ్యయనం మొదలుపెట్టింది. అందులో ఒక సంగతి గట్టిగా బయటపడింది: తన పని మీద తనకు పట్టు లేకపోవడం. ఎప్పుడు చెయ్యాలి, ఎలా చెయ్యాలి, ఎప్పుడు లేవాలి అన్నది ఇంకొకరు చెబితే చేసేవాడికి గుండెజబ్బు ముప్పు ఎక్కువ.

వార్డులో నేను చూసేది చెబుతాను. డాక్టర్ రౌండ్స్‌కి వస్తారు. అదే జబ్బు, అదే మందు. ఒక మంచం దగ్గర పేషెంటు పరుపు మీద లేచి కూర్చుని 'డాక్టర్, ఈ మాత్ర వల్ల నాకు నిద్ర పట్టట్లేదు, మార్చండి' అంటాడు. పక్క మంచం ఆయనకూ నిద్ర పట్టట్లేదు. రాత్రంతా నాతో అదే చెప్పాడు. డాక్టర్ ముందు మాత్రం 'బాగానే ఉందయ్యా' అంటాడు. వెళ్ళాక 'అడగొచ్చు కదా' అంటే, 'పెద్దవాళ్ళకి తెలియదామ్మా' అని గోడ వైపు తిరిగి పడుకుంటాడు. బిల్లు ఇద్దరికీ ఒక్కటే. తేడా ఆ 'అయ్యా'లో ఉంది.

#9 నీలిట్యాగ్

ఇన్నాళ్ళూ చదవడమే, ఎప్పుడూ రాయలేదు. రాత్రిషిఫ్ట్ గారి పోస్టు చూశాక రాయాలనిపించింది.

నేను ఒక పెద్ద ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగిని. పేరు అనవసరం. పర్మనెంట్ వాళ్ళ మెడలో ఆకుపచ్చ ట్యాగు, మాది నీలం. చేసే పని ఒకటే, కూర్చునేది పక్కపక్క సీట్లలోనే. జీతం దాదాపు సగం. ఆ సగం జీతంతో ఇల్లు నడుస్తోంది, అబద్ధం చెప్పను. అడ్డప్రశ్న గారి లెక్కలో నాకే సమస్యా లేదు.

కానీ మీటింగ్ హాలు తలుపు నా ట్యాగుకి తెరుచుకోదు. లోపల నేను చేసిన పని గురించే మాట్లాడుకుంటుంటారు. తలుపు బయట నిలబడి ఎవరైనా ఆకుపచ్చ ట్యాగు వాళ్ళు వచ్చేదాకా ఆగాలి. వచ్చినవాళ్ళు మంచివాళ్ళే, నవ్వుతూ తీస్తారు. ఆ నవ్వు ఎదుట నేనూ నవ్వాలి. రోజుకి నాలుగైదు సార్లు. ఒకసారి మా అమ్మాయి ఆఫీసు చూస్తానని వచ్చింది. గేటు దగ్గరికి వెళ్ళేటప్పుడు నాకు తెలియకుండానే ట్యాగు తీసి జేబులో పెట్టుకున్నాను. లిఫ్టులో 'నాన్నా, అందరికీ కార్డులున్నాయి, నీకు లేదా' అంది.

ఆ రోజు ఇంటికెళ్ళి చిన్న విషయానికి మా ఆవిడ మీద గట్టిగా అరిచాను. అది 'కుటుంబ సమస్య' కిందికి వస్తుందా, 'ఆర్థిక అసమానత' కిందికి వస్తుందా? మాస్టారే చెప్పాలి.

#10 అడ్డప్రశ్న

నీలిట్యాగ్ గారూ, మీ బాధ అర్థమైంది. మీ మీద మాట కాదు. కానీ వాదనగా చూస్తే దీనికి పాత పేరొకటి ఉంది, అసూయ. ఎదుటివాడికి ఉంది, నాకు లేదు అన్న బాధను సమాజం సమస్యగా లెక్కేస్తే దానికి అంతెక్కడ?

#11 పాతకాపు

ఆయన తలుపు బయట నిలబడ్డారయ్యా. కడుపులో మంట అంటావేంటి? తలుపు తెరుచుకోకపోవడం అసూయా?

సరే, అసూయే అనుకుందాం. అది మనుషుల దగ్గరే మొదలవలేదు. 2003లో సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ కపుచిన్ కోతులతో చేసిన ప్రయోగం ఉంది. గులకరాయి చేతికిస్తే కోతికి దోసకాయ ముక్క. రెండు కోతులకూ దోసకాయే ఇచ్చినంతసేపూ అవి హాయిగా తింటూ కూర్చున్నాయి. పక్కదానికి ద్రాక్షపండు ఇవ్వడం మొదలుపెట్టగానే మొదటిది దోసకాయ తీసుకోనంది. వీడియోలో ఒక కోతి ముక్కను ఏకంగా పంజరం బయటికి విసిరేస్తుంది. దాని జేబులోంచి కూడా ఏమీ పోలేదు మరి, అడ్డప్రశ్నా.

#12 లెక్కలమాస్టారు

పాతకాపు గారూ, కోతుల ప్రయోగాన్ని తర్వాత చేసినవాళ్ళకు ఫలితాలు అన్నిసార్లూ అలాగే రాలేదు. కాబట్టి దాని మీద మరీ మేడ కట్టకండి.

మనుషుల మీద ఇంకొకటుంది. 2016లో కేథరిన్ డిసెల్స్, మైకేల్ నార్టన్ ఒక పెద్ద విమాన సంస్థ రికార్డులు తిరగేశారు. ప్రయాణికులు గొడవపడిన సందర్భాలు ఎక్కడ ఎక్కువో చూశారు. ఫస్ట్ క్లాస్ ఉన్న విమానంలో ఎకానమీ ప్రయాణికులు గొడవపడే అవకాశం, అది లేని విమానంతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లు. ఎకానమీ వాళ్ళు ముందు తలుపులోంచి ఎక్కి ఫస్ట్ క్లాస్ మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళాల్సి వస్తే ఇంకో రెండింతలు. సీటు ఇరుకు లాంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఇంతే.

ఒక్క సంస్థ లెక్క ఇది, ఆ పరిమితి ఉంది. నీలిట్యాగ్ గారి తలుపు మాత్రం ఇందులో నాకు కనిపించింది. అసమానత ఎంత ఉందన్నదే కాదు, రోజుకి ఎన్నిసార్లు దాని మధ్యలోంచి నడవాల్సి వస్తోందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలేమో. మీరు ఇంట్లో అరిచింది ఏ ఖాతాలో రాయాలో, నిజం చెప్పాలంటే, నా దగ్గర ఖాతా లేదు.

#13 సుధటీచర్

పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తుతాను.

అమెరికాలో నార్త్ కరోలైనా కొండప్రాంతంలో 1993 నుంచి జేన్ కాస్టెలో బృందం 1,420 మంది పిల్లల మానసిక ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చింది. అందులో నాలుగోవంతు మంది ఆదివాసీ పిల్లలు. మధ్యలో ఎవరూ అనుకోనిది జరిగింది. 1990ల రెండో సగంలో చెరోకీ తెగ తన ప్రాంతంలో కాసినో తెరిచి, లాభంలో వాటా తెగలో అందరికీ పంచడం మొదలుపెట్టింది. పనీపాటా లేకుండా వచ్చిన డబ్బు, తాగి తగలేస్తారనుకుంటారు కదా చాలామంది? పేదరికం దాటిన ఇళ్ళలో పిల్లల మొండితనం, కొట్లాటలు, దొంగతనాలు తగ్గి, ఎప్పుడూ పేదగా లేని పిల్లల స్థాయికి వచ్చేశాయి. కారణం ఏమిటా అని చూస్తే, తల్లిదండ్రులకు పిల్లల్ని కనిపెట్టుకునే తీరిక దొరికింది. పెద్ద రహస్యమేమీ లేదు.

కానీ పిల్లల దిగులు, భయం, ఆందోళన ఆ డబ్బుతో పెద్దగా తగ్గలేదు. ఈ ముక్క చాలామంది చెప్పకుండా దాటేస్తారు.

క్లాసులో నేను చూసేదీ ఇదే. ఇంట్లో కాస్త వెసులుబాటు రాగానే పిల్లాడి అల్లరి తగ్గుతుంది. చెయ్యెత్తడం మాత్రం నేర్చుకోడు. సమాధానం వాడి నోట్సులో రాసి ఉంటుంది, నేను వంగి చూస్తాను. పేరు పెట్టి అడిగితే 'తెలియదు టీచర్' అంటాడు. రాత్రిషిఫ్ట్ గారి రెండో మంచం పేషెంటు చిన్నప్పుడు ఇలాగే ఉండి ఉంటాడు.

ఇంకొకటి. తండ్రి సంపాదన కొడుకు సంపాదనను ఎంతగా నిర్ణయిస్తుందో ఆర్థికవేత్త మైల్స్ కొరాక్ పోల్చి చూశాడు. డెన్మార్క్‌లో అది సుమారు 0.15, అమెరికాలో 0.47 దగ్గర. సున్నా అయితే తండ్రి ఎవరైనా ఒకటే, ఒకటి అయితే తండ్రి స్థానమే కొడుకుదీ అని అర్థం. తేడాలు ఎక్కువున్న దేశాల్లోనే ఈ అంకె కూడా పెద్దది. నిచ్చెన మెట్ల మధ్య ఎడం పెరిగితే ఎక్కడం కష్టమవుతుంది, అది చెప్పడానికి కొరాక్ అక్కర్లేదనుకోండి.

#14 కొత్తచిగురు

మాస్టారూ, ఇప్పుడు దారి కొంచెం కనిపిస్తోందా?

#15 లెక్కలమాస్టారు

రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి చేతిలో డబ్బు లేకపోవడం, దానికి మందు డబ్బే. రెండోది నోరు లేకపోవడం. దానికి మందేమిటో ఇంకా ఎవరూ చెప్పలేదు.

#16 పాతకాపు

పేదవాడి కోపం పెదవికి చేటు అన్నారు పెద్దలు. మాస్టారూ, మీ జపాన్ ఆత్మహత్యల ప్రశ్నకు నాకు ఇక్కడే కాస్త జవాబు దొరికింది.

మీరు చెప్పిన డీటనే 2015లో యాన్ కేస్‌తో కలిసి ఇంకో పేపర్ రాశాడు. అమెరికాలో 45 నుంచి 54 ఏళ్ళ మధ్య తెల్లజాతి వాళ్ళలో చావులు 1990ల చివరి నుంచి పెరుగుతున్నాయని. మత్తుమందులు, తాగుడు, ఆత్మహత్యలు. అదీ పెద్ద చదువులు లేనివాళ్ళలోనే ఎక్కువ. అడ్డప్రశ్న అడగొచ్చు, వాళ్ళు ఎవర్నీ చంపలేదు కదా అని. అదే నేననేది. కోపం బయటికి వెళ్ళేచోట నేరం అంటాం. లోపలికి వెళ్ళేచోట జబ్బు అంటాం. మొదటిదానికి పోలీసు, రెండోదానికి డాక్టరు. ఇద్దరి రిజిస్టర్లూ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు. హత్యలు తగ్గాయి కాబట్టి అంతా బాగుందనుకుంటే ఎలా?

#17 అడ్డప్రశ్న

డీటన్‌ను మీకు కావలసినచోట వాడుకుంటున్నారు. ఆయన దాన్ని ఆదాయాల తేడాతో ముడిపెట్టలేదు. చదువులేనివాళ్ళకు మంచి ఉద్యోగాలు మాయమవడం, చెట్టంత పెరిగిపోయిన వైద్యం ఖర్చు, మత్తుకు అలవాటు చేసే నొప్పిమాత్రలు అమ్ముకున్న కంపెనీలు, వీటి గురించి రాశాడు.

పోనీ మీరే గెలిచారనుకుందాం. తేడా తగ్గించడం ఎలా? చరిత్రలో తేడాలు గట్టిగా తగ్గినప్పుడల్లా వెనక యుద్ధమో మహమ్మారో ఉంది. 1347 నుంచి నాలుగైదేళ్ళలో ప్లేగు ఐరోపా జనాభాలో కనీసం మూడోవంతును మింగేసింది. పనివాళ్ళు కరువై కూలి పెరిగింది. అది కూడా ఓర్వలేక ఇంగ్లండ్ 1351లో చట్టం తెచ్చింది, ప్లేగుకు ముందున్న కూలికే పని చెయ్యాలని. మీకు కావలసిన సమానత్వం ఆ ధరకు వస్తే నాకొద్దు.

#18 కొత్తచిగురు

అన్నీ అలాగే రాలేదు. 1950లలో అమెరికాలో ఆదాయపు పన్ను పైశ్లాబు 91 శాతం. ఇప్పుడది 37. ఆ దశాబ్దంలో ఆ దేశమేమీ మునిగిపోలేదే. మీలాంటివాళ్ళకు కావలసింది వాదన గెలవడమే తప్ప

#19 నిర్వాహకుడు

కొత్తచిగురు గారి చివరి వాక్యం సగం తీసేశాను. మాట మీద మాట ఆడండి, మనిషి మీద వద్దు.

#20 పైకీకిందికీ

నాది లిఫ్టుల రిపేరు పని. పెద్ద చదువు లేదు, మీ అంకెలు సగం అర్థం కాలేదు. కానీ 'నోరు లేకపోవడం' అని మాస్టారు అన్నారే, అది నేను రోజూ రిజిస్టర్లో చూస్తాను.

పెద్ద అపార్ట్‌మెంట్లలో రెండు లిఫ్టులుంటాయి. ముందు వైపు అద్దం, ఫ్యాను ఉన్నది ఫ్లాట్ల వాళ్ళకి. వెనక వైపుది పనివాళ్ళకి, సామాన్లకి. తయారుచేసిన కంపెనీ ఒకటే, మోటారు ఒకటే, నేను రాసుకునే సర్వీసు తేదీ ఒకటే. కానీ వెనకది రెండింతలు పాడవుతుంది. ఎందుకంటే చిన్న శబ్దం వచ్చినప్పుడే ఎవరూ ఫోన్ చెయ్యరు. పూర్తిగా ఆగాకే తెలుస్తుంది.

ఒకచోట ముందు లిఫ్టు ఇరవై నిమిషాలు ఆగింది. నేను బండి తీసేలోపే ఏడు ఫోన్లు. అదే బిల్డింగులో వెనక లిఫ్టు పదకొండు రోజులు ఆగిపోయి ఉంది. ఫిర్యాదు ఒక్కటే వచ్చింది. అదీ మనుషుల కోసం కాదు, పై అంతస్తులో ఒకరికి కొత్త ఫ్రిజ్ రావాలి.

బాగుచేయడానికి వెళ్ళినప్పుడు ఒకావిడ బకెట్టు, తుడిచే కర్ర పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. పద్నాలుగో అంతస్తు దాకా ఎక్కాలి, తొమ్మిదో దగ్గర ఆగింది. 'ఇన్ని రోజులూ ఎవరికీ చెప్పలేదా అమ్మా' అన్నాను. 'చెబితే, మెట్లెక్కలేకపోతే మానెయ్యమంటారు బాబూ' అంది. ముందు లిఫ్టు ఖాళీగా పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది.

ఆ బిల్డింగు వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నాకు మంచినీళ్ళిచ్చారు, కూర్చోమన్నారు. వెనక లిఫ్టు పాడైన సంగతి చాలామందికి నిజంగానే తెలియదు.

#21 నీలిట్యాగ్

'నిజంగానే తెలియదు.' మా మీటింగ్ హాలు తలుపు సంగతి కూడా లోపలివాళ్ళకు నిజంగానే తెలియదు.

#22 లెక్కలమాస్టారు

పైకీకిందికీ గారూ, మీకు అంకెలు అర్థం కాలేదన్నారు. మీ పదకొండు రోజులు, ఇరవై నిమిషాలు, ఏడు ఫోన్లు, ఒక ఫ్రిజ్... ఈ చర్చలో వచ్చిన అంకెల్లో నాకు బాగా అర్థమైనవి ఇవే.

ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఇలాంటి సంగతే రాశాడు. ఒక సంస్థ పాడవుతున్నప్పుడు మనిషికి రెండు దారులు. నోరు విప్పడం, లేదా వదిలేసి వెళ్ళిపోవడం. ప్రభుత్వ బడి నాసిరకంగా తయారవుతుంటే ముందుగా పిల్లల్ని వేరే బడికి మార్చేది ఎవరు? నాణ్యత గురించి బాగా పట్టించుకునేవాళ్ళు, గట్టిగా అడగగలిగినవాళ్ళు. వాళ్ళు వెళ్ళిపోయాక మిగిలినవాళ్ళ గొంతు ఎవరికీ వినపడదు. బడి ఇంకా పాడవుతుంది.

ఇక్కడ అసమానతను కలపండి. తేడా కొంచెమే ఉంటే పైవాడు కూడా ఆ బడిలోనే, ఆ ఆస్పత్రిలోనే, ఆ బస్సులోనే ఉంటాడు. వెళ్ళిపోయే స్తోమత ఉండదు కాబట్టి అరుస్తాడు. తేడా బాగా పెరిగితే బయటపడే దారి కొనుక్కుంటాడు. సొంత నీళ్ళు, సొంత కాపలా, సొంత వైద్యం. ఆయన దుర్మార్గుడు కానక్కర్లేదు. ఆయనకు ఇక ఫోన్ చేసే అవసరం లేదు, అంతే.

ఒక పక్కమాట. అసమానతను కొలవడానికి మనం వాడే గినీ సూచికను కొరాడో గినీ ప్రకటించింది 1912లో. టైటానిక్ మునిగింది కూడా ఆ ఏడాదే. ఫస్ట్ క్లాసులో ఉన్న ఆడవాళ్ళలో నూటికి 97 మంది బతికారు. థర్డ్ క్లాసు ఆడవాళ్ళలో సగం మంది కూడా బతకలేదు. ఢీకొన్న మంచుకొండ అందరికీ ఒకటే.

#23 కొత్తచిగురు

మొదటి పోస్టులో 'వేరు' అని రాశాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేరం ఎందుకు పుడుతుంది, జబ్బు ఎందుకు వస్తుంది అంటే వంద కారణాలుంటాయి. కానీ పుట్టిన సమస్య పదకొండు రోజులు ఉంటుందా, ఇరవై నిమిషాల్లో పోతుందా అన్నది మాత్రం డబ్బు తేడాయే తేలుస్తోంది. బ్రెజిల్ హత్యల సంగతి ఇది పూర్తిగా వివరించదని తెలుసు మాస్టారూ. వేరే దారులు కూడా ఉండి ఉంటాయి.

అడ్డప్రశ్న గారూ, నిన్నటి మాటకు సారీ.

#24 అడ్డప్రశ్న

పర్లేదు. ఈ వాదన మొదటిదాని కంటే చాలా నయం. దీన్ని నేను తేలిగ్గా కొట్టేయలేను, ఎందుకంటే ఇది అసూయ మీద ఆధారపడలేదు.

రెండు అభ్యంతరాలు మాత్రం ఉంచుకుంటాను. ఒకటి, పైవాళ్ళు ముందుగా కొనబట్టే చాలా వస్తువులు చవకై కిందికి వచ్చాయి. సెల్‌ఫోన్ మొదట్లో ఎవరి చేతిలో ఉండేదో గుర్తు తెచ్చుకోండి. రెండు, అందర్నీ ఒకే లిఫ్టులో ఎక్కిస్తే లిఫ్టు బాగుపడుతుందన్న నమ్మకం నాకు లేదు. ఇద్దరికీ పాడైన లిఫ్టే మిగలొచ్చు. అలాంటి దేశాలు కూడా ఉండేవి, సోవియట్ యూనియన్ లాంటివి, వాటిలోనూ పెద్దలకు వేరే దుకాణాలుండేవి.

#25 రాత్రిషిఫ్ట్

ఆ రెండో మంచం ఆయన డిశ్చార్జి అయ్యారు. నిద్ర పట్టనివ్వని ఆ మాత్ర మార్పించాను, నేనే అడిగాను డాక్టర్‌ని. డాక్టర్ వెంటనే మార్చారు, 'ముందే చెప్పాల్సింది' అన్నారు కూడా. పేషెంటుకి మాత్రం నా మీద కోపం.

#26 పైకీకిందికీ

అడ్డప్రశ్న గారి రెండో ప్రశ్నకి నేను చూసింది చెబుతాను. జవాబో కాదో మీరే చూసుకోండి.

నేను చెప్పిన బిల్డింగులోనే పోయిన నెల ముందు లిఫ్టుకి రోపులు మార్చాల్సి వచ్చింది. ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ ఫ్లాట్ల వాళ్ళంతా వెనక లిఫ్టే ఎక్కారు. మొదటి రోజు సాయంత్రానికే నాకు కబురొచ్చింది, లోపల గాలి ఆడట్లేదు, ఫ్యాను పెట్టమని. రెండో రోజు లైటు మార్పించారు. మూడో రోజు కింద రబ్బరు షీటు వేయించారు, తలుపు దగ్గర చప్పుడు సరిచేయించారు. ఎవరూ లెక్క అడగలేదు, బేరమాడలేదు. ఆ బకెట్టావిడ కూడా వాళ్ళతో కలిసే పైకెళ్ళింది, ఒక మూలకి ఒదిగి నిలబడి. ఏడో రోజు ముందు లిఫ్టు తిరిగింది, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

నిన్న నెలవారీ సర్వీసుకి వెళ్ళాను. వెనక లిఫ్టులో ఫ్యాను ఉంది, తిరగట్లేదు. ఎప్పటి నుంచి అని వాచ్‌మన్‌ని అడిగితే పది రోజులై ఉంటుందన్నాడు. రిజిస్టర్ తెరిచి చూశాను, దాని గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఆయన దగ్గర పెన్ను తీసుకుని ఫిర్యాదు కాలంలో నేనే రాసి, కింద నేనే సంతకం పెట్టి, పైకి వెళ్ళి బాగుచేసి వచ్చాను.